ధ్వనిని వెలుగులో చూపిన విజ్ఞాని – ఆచార్య సూరి భగవంతం

రంగు అనే మాట మన కళాశాలలోని రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు. తెలుగు తరగతిలో రంగు అన్నదే ఉర్దూ తరగతిలో రంగ్ అవుతుంది. బట్టకు రంగు అద్దే పనివానిని ఉర్దూలో రంగ్రేజ్ అని గౌరవంగా పిలుస్తారు. మన డెల్టా ప్రాంతపు నేతగాని మగ్గానికీ, ఆ రంగ్రేజు కాగుకూ విడదీయరాని చుట్టరికం ఉన్నది. ఆ రెంటికీ మూలాధారం నీరు. కృష్ణా జిల్లాలోని పెడనలో కలంకారి బట్టను నేటికీ పారే నీటిలో జాడించి ఉతుకుతారు.

కాని నూలుకు పట్టిన రంగు ఎంత అందమైనదో, పట్టక మిగిలి నీటిలో కలిసిన రంగు అంత చిక్కు తెచ్చేది. ఇంగ్లండులో విలియం హెన్రీ పెర్కిన్ అనే పదునెనిమిదేండ్ల యువకుడు 1856లో మొదటి కృత్రిమ వర్ణాన్ని కనుగొన్నాడు. అది మొదలు చెట్టు బెరడు, వేరు, ఆకు ఇచ్చిన రంగుల స్థానంలో రసాయనశాలలో పుట్టిన రంగులు వచ్చాయి. ఇవి ఎండకూ ఉతుకుకూ వెలవవు. ఆ గుణమే నీటిలో కలిసిన తరువాత దోషమవుతుంది. కరిగిపోయిన రంగును ఇసుక వడపోత ఆపలేదు. సూర్యరశ్మి లోపలికి దిగనందున నీటిలోని పచ్చని మొక్కలు నీరసిస్తాయి. ఆజో జాతి రంగులలో కొన్ని విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే పదార్థాలు కాన్సరు కారకాలని తేలింది.

ఈ రంగు నీటిని శుభ్రపరచడానికి శాస్త్రజ్ఞులు వెదకిన మార్గాలలో ఒకటి మిక్కిలి ఆశ్చర్యకరమైనది. మన చెవికి వినబడని ధ్వనిని నీటిలోకి పంపి, దానికి తోడుగా ఒక ఉత్ప్రేరకపు పొడిని కలిపి, రంగు అణువును ముక్కలు చేయడమే ఆ మార్గం. ఈ ధ్వనులను అతిధ్వనులంటారు. అతిధ్వనుల శాస్త్రానికి మన తెలుగునేలపై పునాది వేసినవారిలో అగ్రగణ్యులు ఆచార్య సూరి భగవంతం గారు. వారి జీవితాన్ని విద్యార్థినీ విద్యార్థుల ముందు, పాలకవర్గ సభ్యుల ముందు ఉంచడమే మా ఈ చిన్న ప్రయత్నం. రంగు నీటిని శుద్ధి చేయడం వారు చేపట్టిన పని కాదు. అయినా ఆ పనికి ముందుగా తెలిసి ఉండవలసిన విద్యను వారు మన దేశంలో పెంచారు. ఆ సంబంధమేమిటో వివరించడమే మా ఉద్దేశం.

జననం – విద్యాభ్యాసం

భగవంతం గారు 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లి గ్రామంలో జన్మించారు. ఆ కాలంలో పల్లెటూరి బాలుడు భౌతికశాస్త్రంలో పట్టం పుచ్చుకోవాలంటే ఇల్లు విడిచి దూరప్రాంతాలకు పోక తప్పేది కాదు. ఆయన హైదరాబాదులోని నిజాం కళాశాలలో చేరి భౌతికశాస్త్రంలో పట్టభద్రులయ్యారు. హైదరాబాదు నడిబొడ్డున ఉన్నా ఆ కళాశాల అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమై ఉండేది. ఉర్దూ వినబడే నగరంలో ఆంగ్ల పాఠాలు చదివిన తెలుగు విద్యార్థి ఆయన. మూడు భాషల నడుమ చదువు సాగించే మన విద్యార్థులకు ఆ అనుభవం కొత్త కాదు.

కలకత్తాలో గురుశుశ్రూష

1928వ సంవత్సరం భారత విజ్ఞాన చరిత్రలో మరపురానిది. ఆ ఏడు ఫిబ్రవరి 28న కలకత్తాలో చంద్రశేఖర వెంకట రామన్ గారు, ద్రవంపై పడి చెదరిన కాంతిలో కొంత భాగం రంగు మారి వెలువడుతుందని కనుగొన్నారు. అదే రామన్ ఫలితం. పందొమ్మిదేండ్లైనా నిండని భగవంతం గారు ఆ ఏడే కలకత్తాకు పోయి రామన్ గారి ప్రయోగశాలలో చేరారు. రామన్ గారికి నోబెల్ బహుమానం వచ్చినది 1930లో. అంటే కీర్తి ఇంకా పూర్తిగా చేరుకోని రోజులలోనే ఆ గురువు విలువను ఈ శిష్యుడు గ్రహించాడన్నమాట.

ఆ ప్రయోగశాలలో శిష్యులకు అబ్బిన ముఖ్యమైన సంపద ఒక అలవాటు. కంటికి కనబడినదానిని నమ్మి ఊరుకోక, దానిని కొలిచి చూడడం ఆ అలవాటు. భగవంతం గారు 1930లో వజ్రం చెదరగొట్టే కాంతిని పరిశీలించారు. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి కాంతికణానికి స్వీయభ్రమణం ఉన్నదని ప్రయోగపూర్వకంగా తెలిపే పరిశోధనను ప్రకటించారు. ఎవరి కంటికీ ఎన్నడూ కనబడని కణం తన చుట్టూ తాను తిరుగుతున్నదా లేదా అన్న ప్రశ్నకు, చెదరిన కాంతి తీరును కొలిచి సమాధానం రాబట్టారు. అప్పటికి భగవంతం గారి వయస్సు ఇరవై రెండు.

వాల్తేరులో విజ్ఞాన క్షేత్రం

1926లో బెజవాడలో ఆరంభమై, తరువాత వాల్తేరుకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్నది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఉపాధ్యక్షులు. జయపురం మహారాజావారి వితరణతో విజ్ఞాన కళాశాల 1932లో ప్రారంభమైంది. ఆ సంవత్సరమే భగవంతం గారు అక్కడ ఉపన్యాసకులుగా చేరారు. కొద్దికాలంలోనే ఆచార్యులై, భౌతికశాస్త్ర శాఖకు అధిపతి అయ్యారు. అదివరకు పరిశోధనకై కలకత్తాకో బెంగుళూరుకో పోవలసి వచ్చిన తెలుగు విద్యార్థులకు స్వదేశంలోనే ఒక గురుకులం ఏర్పడింది.

ఇక్కడనే వారి దృష్టి అతిధ్వనులవైపు మరలింది. మానవుని చెవి సెకండుకు సుమారు 20,000 కంపనాల వరకే వినగలదు. అంతకు మించిన కంపనాలు గల ధ్వనియే అతిధ్వని. క్వార్ట్జ్ స్ఫటికపు పలకకు తగిన విద్యుత్తును అందిస్తే అది సెకండుకు లక్షలసార్లు, కోట్లసార్లు కంపిస్తుంది. ఆ పలకను ద్రవంలో ఉంచితే, ద్రవం నిండా సాంద్రత ఎక్కువ తక్కువలుగా వరుసలు తీరుతుంది. నీటిలో ధ్వని వేగం సెకండుకు సుమారు 1,480 మీటర్లు. కాబట్టి సెకండుకు పదిలక్షల కంపనాలున్న ధ్వనికి ఆ వరుసల మధ్య దూరం ఒకటిన్నర మిల్లీమీటరుకు కొంచెం తక్కువగా ఉంటుంది. ఆ ద్రవం గుండా కాంతికిరణాన్ని పంపితే, సన్నని గీతల పలక గుండా పోయినట్లే అది పలు కిరణాలుగా చీలి తెరపై పడుతుంది. ఈ విచిత్రాన్ని 1932లో అమెరికాలోనూ ఫ్రాన్సులోనూ వేరువేరుగా కనుగొన్నారు. దానికి గణిత సిద్ధాంతాన్ని 1935, 1936 సంవత్సరాలలో రామన్ గారు, నాగేంద్రనాథ్ గారు కలిసి రూపొందించారు.

దీని మహత్తును మనం గ్రహించాలి. వినబడని ధ్వని వెలుగులో కనబడింది. తెరపై పడిన చుక్కల మధ్య దూరం కొలిస్తే ధ్వని తరంగం పొడవు తెలుస్తుంది. దానినుండి వేగమూ, వేగంనుండి ఆ ద్రవం ఎంత నొక్కుడుకు లొంగుతుందో తెలుస్తుంది. వాల్తేరు ప్రయోగశాల ఈ విద్యను తన సొంతం చేసుకున్నది.

యుద్ధకాలంలో ఆగని పరిశోధన

ద్వితీయ ప్రపంచ యుద్ధం వాల్తేరును వదలలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్టణంపై బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం తాత్కాలికంగా గుంటూరుకు తరలిపోయింది. భవనాలు పోయినా పని ఆగలేదు. ఆ క్లిష్ట కాలంలోనే భగవంతం గారు, వారి శిష్యులు భీమసేనాచార్ గారు కలిసి స్ఫటికాల స్థితిస్థాపకతను అతిధ్వనులతో కొలిచే ఒక సులభమైన పద్ధతిని రూపొందించారు.

సమాన మందం గల క్వార్ట్జ్ పలక ఒకే విధమైన కంపనాన్ని చక్కగా ఇస్తుంది. అందుచేత వారు ఒక వైపు పలుచగా, మరొక వైపు మందంగా, గూటం ఆకారంలో కోసిన పలకను వాడారు. దానితో కంపనాల సంఖ్యను ఎడతెగకుండా మారుస్తూ పోవచ్చు. పరీక్షించవలసిన స్ఫటికం ఏ కంపనం వద్ద ధ్వనిని చక్కగా దాటనిస్తుందో, ఆ క్షణాన వెనుకనున్న ద్రవంలో కాంతి చీలిక ప్రకాశవంతమవుతుంది. ధ్వనికి వెలుగే సాక్ష్యం చెప్పే ఏర్పాటు ఇది. ఈ పద్ధతితోనే వారు వజ్రపు స్థితిస్థాపక స్థిరాంకాలను కొలిచి, ఆ ఫలితాలను 1946లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. పదహారేండ్ల క్రితం కాంతితో ప్రశ్నించిన వజ్రాన్నే ఇప్పుడు ధ్వనితో ప్రశ్నించారు.

ఇంతలో గ్రంథ రచనా సాగింది. కాంతి పరిక్షేపణాన్ని, రామన్ ఫలితాన్ని గూర్చిన వారి ఆంగ్ల గ్రంథాన్ని 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది. గణితంలోని సమూహ సిద్ధాంతాన్ని భౌతికశాస్త్ర సమస్యలకు అన్వయించే గ్రంథాన్ని టి. వెంకటరాయుడు గారితో కలిసి రచించగా అది 1948లో వెలువడింది. అణువుల, స్ఫటికాల సౌష్ఠవాన్ని బట్టి వాటి కంపనాలను లెక్కించే తీరును అది విద్యార్థులకు నేర్పింది. వారి శిష్యులలో బి. రామచంద్రరావు గారు వాల్తేరులో అతిధ్వని పరిశోధనను తరువాతి తరానికి అందించారు.

ఉస్మానియాలో – దేశసేవలో

1948, 1949 సంవత్సరాలలో లండనులోని భారత హైకమిషను కార్యాలయంలో విజ్ఞాన సంధానాధికారిగా పనిచేసి, ఆ పిమ్మట భగవంతం గారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులయ్యారు. 1952 నుండి 1957 వరకు ఉపాధ్యక్ష పదవిని నిర్వహించారు. తాను విద్యార్థిగా చదివిన నిజాం కళాశాల 1947లోనే ఉస్మానియాలో చేరి ఉన్నందున, ఒకప్పటి తన కళాశాలకు పెద్దదిక్కయ్యే భాగ్యం వారికి లభించింది.

ఉస్మానియా చరిత్ర మన కళాశాలకు ఆత్మీయమైనది. 1918లో ఆరంభమైన ఆ విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య అంతా ఉర్దూలో జరిగేది. దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ భౌతిక, రసాయన, వైద్య శాస్త్రాలకు ఉర్దూ పరిభాషను సమకూర్చింది. 1948 తరువాత బోధన ఆంగ్లంలోకి మారింది. ఆ మార్పు వెన్నంటే, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణ కూడా జరిగింది. అటువంటి సంధికాలంలో కృష్ణా తీరపు మనిషి ఒకరు మూసీ తీరపు విద్యాపీఠాన్ని నడపవలసి వచ్చింది. ఏ భాషలో చెప్పినా నీటిలో ధ్వని వేగం ఒక్కటే. కాని ఆ సత్యం చదువరి మనస్సుకు చేరవలసినది అతని భాషలోనే. ఉర్దూ పాఠాన్నీ తెలుగు పాఠాన్నీ ఒకే కప్పు క్రింద నిలిపిన మన కళాశాలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

1957 నుండి 1962 వరకు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు వారు సంచాలకులు. ఒకప్పుడు రామన్ గారు అధిష్ఠించిన పీఠమది. 1961 నుండి 1969 వరకు రక్షణ మంత్రికి వైజ్ఞానిక సలహాదారుగా, రక్షణ పరిశోధన సంస్థకు అధిపతిగా వ్యవహరించారు. 1962లోనూ 1965లోనూ దేశం యుద్ధాలను ఎదుర్కొన్నది ఆ కాలంలోనే. ఇన్ని బాధ్యతల మధ్య కూడా స్ఫటిక సౌష్ఠవాన్ని గూర్చిన గ్రంథాన్ని 1966లో ప్రకటించారు. 1989 ఫిబ్రవరి 6న వారు పరమపదించారు.

మృదువైన ధ్వని – ఉగ్రమైన ధ్వని

ఇక మేము మొదట ఎత్తుకున్న రంగు నీటి సంగతికి వద్దాం. భగవంతం గారు వాడిన అతిధ్వని మృదువైనది. అది ద్రవాన్ని తాకి, దాని గుణాన్ని తెలుసుకుని, దానిని మార్చకుండా దాటిపోతుంది. నేడు వైద్యశాలలో గర్భస్థ శిశువును చూపే యంత్రం, ఉక్కులోని పగుళ్లను పసిగట్టే సాధనం ఈ కోవకు చెందినవే.

అదే ధ్వని బలాన్ని అనేక రెట్లు పెంచితే కథ మారిపోతుంది. తరంగం పోయేటప్పుడు నీరు ఒక క్షణం నొక్కబడి, మరుక్షణం లాగబడుతుంది. లాగుడు మితిమీరినప్పుడు నీటిలో సూక్ష్మమైన బుడగలు పుడతాయి. అవి కొన్ని కంపనాల కాలం పెరిగి, పిదప ఒక్కసారిగా కూలిపోతాయి. బుడగ కూలినప్పుడు లోపల ఎంత ఒత్తిడి కలుగుతుందో లార్డ్ రాలే 1917లోనే లెక్కకట్టాడు. ఓడల చక్రాలు సముద్రపు నీటిలో గుంటలు పడి పాడవడానికి కారణం వెదకుతూ చేసిన లెక్క అది. తీవ్రమైన అతిధ్వని ద్రవాలలో రసాయన మార్పులు కలిగిస్తుందని 1927లో అమెరికాలో రిచర్డ్స్, లూమిస్ అనేవారు చూపారు.

కూలే బుడగ నడుమ కొన్నివేల డిగ్రీల వేడి, వందలాది వాతావరణాల ఒత్తిడి ఒక్క లిప్తపాటు కలుగుతాయి. పాత్రలోని నీరు చేతికి గోరువెచ్చగానే తగులుతుంది. కాని ఆ అణుమాత్రపు కొలిమిలో నీటి అణువు చీలి, హైడ్రాక్సిల్ అనే మహా చురుకైన ముక్క వెలువడుతుంది. అది దొరికిన రంగు అణువుపై పడుతుంది. ఆజో రంగులలో రెండు నైట్రోజన్ పరమాణువులను కలిపే బంధం ఆ రంగుకు ప్రాణం. ఆ బంధం తెగితే రంగు మాయమవుతుంది.

ఉత్ప్రేరకం చేసే సహాయం ఇక్కడే ఉన్నది. టైటానియం డయాక్సైడు, జింకు ఆక్సైడు వంటి పొడులను నీటిలో కలిపితే, వాటి రేణువుల గరుకైన అంచుల వద్ద బుడగలు సులభంగా పుడతాయి. ధ్వని ఆ రేణువులను చెదరగొట్టి, వాటి ముఖాలను ఎప్పటికప్పుడు కడిగి శుభ్రంగా ఉంచుతుంది. ఇనుప లవణాన్ని, హైడ్రోజన్ పెరాక్సైడును జోడిస్తే హైడ్రాక్సిల్ ముక్కలు ఇంకా అధికంగా లభిస్తాయి. ఈ ఇనుప చర్యను ఫెంటన్ అనే రసాయనవేత్త 1894లో వివరించాడు. మన దేశంలో ముంబయిలోని రసాయన సాంకేతిక సంస్థలోనూ, తెలుగునేలపై వరంగల్లులోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థలోనూ ఈ మార్గంలో పరిశోధనలు జరిగాయి.

రంగు పోతే నీరు శుద్ధమైనట్లేనా?

ఇంతవరకు విన్న చదువరి ఈ యంత్రాన్ని వెంటనే ప్రతి అద్దకపు పేట వద్దా నెలకొల్పవచ్చుగదా అనుకోవచ్చు. మేమూ మొదట అట్లే అనుకున్నాము. కాని రెండు ఆటంకాలున్నాయి.

మొదటిది ఖర్చు. అందించిన విద్యుత్తులో అధికభాగం నీటిని వేడిచేయడానికే పోతుంది. రంగును చీల్చడానికి వినియోగమయ్యేది స్వల్పం. పైగా ప్రయోగశాలలోని గాజుపాత్రలో ఒకే రంగు కలిపిన నిర్మలమైన నీరుంటుంది. అద్దకపు కాగునుండి వచ్చే నీటిలో ఉప్పు, సోడా, గంజి, పలు రంగులు కలగాపులగమై ఉంటాయి. అవన్నీ హైడ్రాక్సిల్ ముక్కలకు అడ్డుపడి, వాటిని వృథా చేస్తాయి. అందుచేత ఈ పద్ధతి ఇంకా ప్రధానంగా పరిశోధనశాలల గడప లోపలనే ఉన్నది.

రెండవది మరింత సూక్ష్మమైనది. బంధం ఒకటి తెగగానే రంగు పోతుంది. పాత్రలోని నీరు తేటగా కనిపిస్తుంది. కాని తెగిన ముక్కలు ఆ నీటిలోనే ఉంటాయి. వాటిలో కొన్ని అసలు రంగుకన్నా హానికరం కావచ్చు. అవి కూడా విరిగి విరిగి, చివరకు కార్బన్ డయాక్సైడు, నీరు, సాధారణ లవణాలుగా మారినప్పుడే శుద్ధి పూర్తయినట్లు. రంగు పోవడం కంటికి తెలుస్తుంది. శుద్ధి పూర్తి కావడం కొలతకే తెలుస్తుంది. నీటిలో మిగిలిన కర్బనమెంతో, పుట్టిన ముక్కలేవో పరీక్షించి చూడక తేట నీటిని చూచి సంతోషించేవాడు తనను తాను మోసగించుకుంటాడు. ఆ నీరు త్రాగేవారిని కూడా మోసగిస్తాడు.

సరిగా ఇక్కడనే భగవంతం గారి జీవితం మనకు దారి చూపుతుంది. కంటికి కనబడని కాంతికణపు భ్రమణాన్ని, చెవికి వినబడని ధ్వని వేగాన్ని, చేతికి లొంగని వజ్రపు సాగుడును వారు కొలతతోనే పట్టుకున్నారు. కంటికి కనబడినదే సత్యమని వారు ఎన్నడూ తృప్తిపడలేదు. మృదువైన ధ్వనితో ద్రవపు స్వభావాన్ని తెలుసుకున్న విద్యయే ఉగ్రమైన ధ్వనిని అదుపులో పెట్టడానికి కూడా ఆధారం. ఏ ద్రవంలో ధ్వని ఎంత వేగంతో పోతుందో, ఎంత బలం కోల్పోతుందో తెలియక బుడగల కొలిమిని రాజేయడం చీకటిలో బాణం వేయడమే.

ముగింపు

మా నిడదవోలు అద్దకపు పనికి పేరుపొందిన ఊరు కాదు. కాని గోదావరి పశ్చిమ డెల్టా కాలువ మా ఊరి ప్రక్కగానే పారుతున్నది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటినుండి ఈ ప్రాంతపు అన్నానికీ దాహానికీ కాలువ నీరే దిక్కు. ఎగువన ఒకరు వదిలినది దిగువన మరొకరి కడవలోకి చేరుతుంది. రంగ్రేజు బ్రతుకు నిలవాలి, నీరూ నిలవాలి. ఒకదానికై మరొకదానిని బలిచేయడం న్యాయం కాదు. ఆ రెంటినీ నిలిపే ఉపాయాన్ని విజ్ఞానమే చెప్పాలి.

మన రసాయనశాలలో అతిధ్వని యంత్రం లేకపోవచ్చు. కాని రంగు నీటి గాఢతను వర్ణమాపకంతో కొలిచి, గంట గంటకూ అంకెలను నిజాయితీగా వ్రాసిపెట్టడం డిగ్రీ విద్యార్థికి అందని పని కాదు. అందుకు వలసిన కొద్దిపాటి సామగ్రిని సమకూర్చడం పాలకవర్గానికి భారమూ కాదు. ఆగిరిపల్లినుండి బయలుదేరిన బాలునికి 1928లో దొరికినది కూడా ఒక గురువు, ఒక ప్రయోగపు బల్ల, కొలవాలన్న పట్టుదల మాత్రమే. మన విద్యార్థులలో ఒక్కరైనా తేటగా కనిపించే నీటిగ్లాసును చేతబట్టి, ఇది నిజంగా శుద్ధమేనా అని అడిగి, కొలిచి జవాబు చెప్పగలిగితే ఆచార్య భగవంతం గారికి మనం అర్పించే నివాళి అదే అవుతుందని మా విశ్వాసం.